ముట్లుడిగిన తరువాత హార్మోను మాత్రలు: ఎవరికి మేలు, ఎవరికి కీడు?

ముట్లు ఆగిపోయే వయసులో ఒంట్లో ఆవిర్లు రావడం, రాత్రిళ్ళు చెమటలు పట్టి నిద్ర చెడడం చాలామంది స్త్రీలకు కలిగే బాధలే. వీటికి ఈస్ట్రోజన్ హార్మోనును మించిన మందు లేదు. ఎముకలు గుల్లబారకుండా కూడా అది కాపాడుతుంది. మరి భయమెందుకు?

2002లో అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరుగుతున్న పరిశోధనను మధ్యలోనే ఆపివేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో ఏడాదికి ప్రతి 10,000 మందికి 8 రొమ్ము క్యాన్సర్లు, 8 పక్షవాతాలు అదనంగా వచ్చాయి. తుంటి ఎముక విరగడం 5 తగ్గింది. అయితే వారి సగటు వయసు 63. ఆ లెక్కను 50 ఏళ్ళామెకు అంటగట్టకూడదు. 60 లోపు వయసుండి, ముట్లుడిగి పదేళ్ళు దాటని ఆరోగ్యవంతులకు, బాధలు ఎక్కువైతే, సాధారణంగా మేలే ఎక్కువ.

మన దగ్గర అసలు చిక్కు వేరే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్నవారు దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే ఎక్కువ. ముప్పై అయిదేళ్ళకే అండాశయాలు కూడా తీసివేస్తే ముట్లుడిగిన స్థితి ఒక్కరోజులో వచ్చిపడుతుంది. ఇలాంటివారు భయపడి హార్మోను మానుకుంటే ఎముకలకూ, గుండెకూ నష్టం. వేరే అడ్డంకి లేకపోతే 50 ఏళ్ళ వరకు వాడడమే మంచిది. గర్భసంచి ఉన్నవారు మాత్రం ఈస్ట్రోజన్ ఒక్కటే వాడరాదు. గర్భసంచి క్యాన్సర్ రావచ్చు.

రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టడం ఇదివరకు వచ్చినవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఈ మాత్రలు పనికిరావు. ముట్లుడిగాక రక్తస్రావం కనిపిస్తే ముందు దాని కారణం తేల్చుకోవాలి. పొరుగామె చీటీ చూపించి మందులు కొనకండి. డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు తెచ్చుకోండి. అండాశయాలు తీశారా, ఉంచారా అంటే చాలామంది చెప్పలేరు. అది ఆ కాగితాల్లో ఉంటుంది.