విరిగిన బోల్టు

మోటారు వాహనంలో వందల సంఖ్యలో ఉండి కూడా ఎవరి దృష్టికీ రాని భాగం బోల్టు. ఇంజను గురించి, గేర్ల గురించి, బ్రేకుల గురించి మాట్లాడేవారు అనేకులు. వాటన్నింటినీ కూర్చి నిలిపి ఉంచే ఈ చిన్న ఉక్కుముక్కను గురించి ఆలోచించేది మాత్రం అది విరిగిన నాడే. కారు మరమ్మతు నేర్చుకొనడానికి మొదటిసారి పానా చేతబట్టిన యువకునికి ఎదురయ్యే తొలి గట్టి పరీక్ష కూడా తరచుగా ఇదే. బోల్టు ఖరీదు కొద్ది రూపాయలు. అది విరిగి చిక్కుకొన్న సిలిండర్ హెడ్ ఖరీదు వేలల్లో ఉంటుంది. విరిగిన తరువాతి అరగంటలో చేసే పనినిబట్టి నష్టం ఆ కొద్ది రూపాయలతో ఆగుతుందా, వేలకు పెరుగుతుందా అన్నది తేలుతుంది.

ఒక నిర్దిష్టమైన సందర్భాన్ని తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం. ఇంజనులో ప్రవహించే నీరు తగినంత వేడెక్కిన తరువాతనే రేడియేటరుకు దారి తెరిచే చిన్న కవాటం థర్మోస్టాట్. దానిపై ఉండే మూతను అనేక కార్లలో రెండు మూడు సన్నని బోల్టులతో అల్యూమినియం సిలిండర్ హెడ్‌కు బిగిస్తారు. ఈ బోల్టులు సాధారణంగా ఎం6 రకానివి, అనగా ఆరు మిల్లీమీటర్ల వ్యాసం కలవి. థర్మోస్టాట్ మార్చడం కొత్తవారు సైతం చేపట్టదగిన సులువైన పని. అందుచేతనే ఈ బోల్టులు కొత్తవారి చేతుల్లో ఎక్కువగా విరుగుతాయి.

బోల్టు ఎట్లా పట్టుకొని ఉంటుందో తెలిస్తేగాని అది ఎందుకు విరుగుతుందో అర్థం కాదు. బిగించిన బోల్టు గోడకు కొట్టిన మేకు వంటిది కాదు. బిగించినపుడు అది సాగుతుంది. సాగినది పూర్వస్థితికి రావడానికి ప్రయత్నిస్తూ రెండు భాగాలను ఒకదానిపై ఒకటి అదిమి పట్టుకొంటుంది. భౌతికశాస్త్రంలో మీరు చదివిన హుక్ నియమమే ఇక్కడ పనిచేస్తున్నది. ఆ దృష్టితో చూస్తే బోల్టు ఒక బిరుసైన స్ప్రింగు. పానాతో మనం ప్రయోగించే టార్క్‌లో సుమారు పదోవంతు మాత్రమే బోల్టును సాగదీయడానికి వినియోగమవుతుంది. మిగిలినదంతా తల కింద, మరచుట్ల మధ్య ఘర్షణకు ఖర్చయిపోతుంది. తుప్పు పట్టిన బోల్టులో ఈ ఘర్షణ మరింత పెరుగుతుంది. అప్పుడు విప్పేవాని బలం బోల్టును తిప్పదు, దాని కాడను మెలిపెడుతుంది.

బోల్టు తలపై 8.8 వంటి అంకెలను మీరు చూసి ఉంటారు. మొదటి 8కి అర్థం, చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల ప్రతిబలం వరకు ఆ ఉక్కు తెగదని. చుక్క తరువాతి 8కి అర్థం, అందులో పదింట ఎనిమిది వంతులు, అనగా 640 న్యూటన్ల వద్దనే అది శాశ్వతంగా సాగడం మొదలిడుతుందని. ఎం6 బోల్టు మరచుట్ల వద్ద భారం మోసే వైశాల్యం 20.1 చదరపు మిల్లీమీటర్లు. లెక్క వేస్తే అది సుమారు 12,900 న్యూటన్ల లాగుడును, అంటే 1,300 కిలోల బరువును చెక్కుచెదరకుండా మోయగలదు. చిన్న కారును దానికి వేలాడదీయవచ్చు! అదే బోల్టును బిగించడానికి కావలసిన టార్క్ మాత్రం 10 న్యూటన్ మీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. ముప్పై సెంటీమీటర్ల పొడవైన పిడి చివర ఐదు కిలోల బరువుతో నొక్కితే దాదాపు 15 న్యూటన్ మీటర్లు వస్తాయి. ఐదు కిలోల బియ్యం సంచిని ఎత్తగల చేయి ఎవరిదైనా సరే, ఆ బోల్టును ప్రమాదంలోకి నెట్టగలదు. ‘నేనంత బలంగా తిప్పలేదే’ అని కొత్తవారు ఆశ్చర్యపడటంలో అసత్యమేమీ లేదు. అది పిడి పొడవు చేసిన పని.

ఇక విరిగిన తరువాతి సంగతి. మొదట చేయవలసినది పానాను కింద పెట్టడం. తరువాత ఒక ప్రశ్న వేసుకోవాలి: బోల్టు బిగిస్తుండగా విరిగిందా, విప్పుతుండగా విరిగిందా? రెండు సందర్భాలలోను కంటికి కనిపించేది ఒకటే, రంధ్రంలో చిక్కుకొన్న ఉక్కుముక్క. కాని ఆ రెండింటి స్వభావాలు పూర్తిగా వేరు. శుభ్రమైన మరచుట్లలో కొత్త బోల్టును అతిగా బిగించినందువల్ల తల తెగిందనుకొందాం. తలతో పాటే బోల్టులోని సాగుదల కూడా పోయింది. మిగిలిన ముక్కను అదిమి పట్టే బలమేదీ ఇక లేదు. పదునైన మొనను దాని అంచున ఆనించి, విప్పే దిశలో మెల్లగా తట్టితే అది చాలాసార్లు తిరిగి బయటికి వస్తుంది. ఇటువంటి ముక్కకు డ్రిల్లు పెట్టడం అనవసరమైన సాహసం.

విప్పుతుండగా విరిగిన బోల్టు కథ వేరు. దాన్ని పట్టి ఉంచినది సాగుదల కాదు, తుప్పు. ఇనుము తుప్పుగా మారినపుడు దాని ఘనపరిమాణం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు మరచుట్ల మధ్య చోటు లేదు. మన ఉదాహరణలో ఇంకొక చిక్కు కూడా ఉంది. ఉక్కు, అల్యూమినియం పక్కపక్కన ఉన్నచోట ఊరిన కూలెంటు చేరితే అక్కడ చిన్న విద్యుద్ఘటం ఏర్పడుతుంది. అందులో అల్యూమినియం క్షయమై తెల్లని పొడిగా మారి మరచుట్లను పూడ్చివేస్తుంది. బోల్టు చుట్టూ తెల్లని పొడి కనిపించినచోట బలప్రయోగానికి తావులేదు.

అటువంటి ముక్కకు తొలి మందు నూనె, రెండవ మందు కాలం. తుప్పును వదిలించడానికై తయారైన పలుచని నూనె బజారులో దొరుకుతుంది. దాన్ని వేసి పది నిమిషాలలో ఫలితం ఆశించేవారే ఎక్కువ. సాయంత్రం వేసి, చిన్న సుత్తితో ముక్కను తేలికగా తట్టి, మరల వేసి, రాత్రంతా వదిలివేయడం మేలు. తట్టడం వల్ల పుట్టే కంపనం తుప్పు పొరలో సన్నని పగుళ్లను కలిగిస్తుంది. నూనె ఆ పగుళ్లలోకి దిగుతుంది. కారు మరునాటికి కావాలని ఇంటివారు తొందరపెట్టవచ్చు. ఆ తొందరకు లొంగితే కారు మరుసటి వారానికి కూడా సిద్ధం కాకపోవచ్చు.

ముక్క కొంత పైకి కనిపిస్తుంటే అదృష్టమనే చెప్పాలి. దాన్ని తాళం పడే పట్టుకారుతో గట్టిగా పట్టి, ఒకేసారి విప్పే దిశలో లాగక, కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనుకకు ఆడించాలి. కదలిక మొదలైతే మరల నూనె వేయాలి. పట్టు దొరకనంత పొట్టిదైతే దానిపై ఒక నట్టును పెట్టి మధ్యలో వెల్డింగ్ చేయించడం ఉత్తమమైన పద్ధతి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల, చిన్న పట్టణాల్లోని లేత్ షాపుల్లో పనివారికి ఇది పరిచితమైన పనే. ఇందులో పట్టు దొరకడంతో పాటు ఇంకొక మేలు ఉన్నది. వెల్డింగ్ వేడికి ముక్క వ్యాకోచించి, చల్లారి సంకోచిస్తుంది. ఆ కదలికకు తుప్పు పట్టు సడలుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలను తొలగించడం మరువరాదు.

వేడి విషయంలో అల్యూమినియం మనకు సహాయపడుతుంది, అదే సమయంలో మోసగిస్తుంది కూడా. ఒక్కొక్క డిగ్రీకి అల్యూమినియం పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 23 వంతులు పెరుగుతుంది. ఉక్కు సుమారు 12 వంతులే పెరుగుతుంది. కనుక రెండింటినీ కలిపి నూరు డిగ్రీలు వేడిచేసినపుడు ఆరు మిల్లీమీటర్ల రంధ్రం దానిలోని బోల్టు కన్న 0.0066 మిల్లీమీటర్లు అధికంగా పెరుగుతుంది. తల వెంట్రుకలో ఇది దాదాపు పదో వంతు. తుప్పు పొర చిట్లడానికి అది చాలు. మోసం ఎక్కడంటే, ఉక్కువలె అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు. 660 డిగ్రీల ప్రాంతంలో ఉన్నట్టుండి కరిగిపోతుంది. అందువల్ల కొత్తవారు అక్కడ గ్యాసు మంటను ఉపయోగించరాదు. వేడిగాలి యంత్రం చాలు. పెట్రోలు గొట్టాలు, నూనె తడిసిన గుడ్డలు దగ్గర లేకుండా చూసుకొనడం ఇందులో భాగమే.

ముక్క రంధ్రంలో లోతుగా తెగి, నూనెకు గాని వేడికి గాని లొంగకపోతే డ్రిల్లు తప్పదు. ఈ దశలో తొలి మెట్టుపైనే అంతా ఆధారపడి ఉంటుంది. తెగిన ముఖం సాధారణంగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. దానిపై నేరుగా బిట్టు పెడితే అది మెత్తని అల్యూమినియం వైపు జారిపోతుంది. కనుక ముఖాన్ని చదును చేసి, కేంద్రాన్ని కొలిచి గుర్తించి, సెంటర్ పంచ్‌తో చిన్న గుంట వేయాలి. ఆ గుంట అర మిల్లీమీటరు పక్కకు పోయినా తరువాత సరిదిద్దడం కష్టం. దీనికి పావుగంట వెచ్చించినా ఆ కాలం వృథా కాదు. ముందు రెండున్నర మిల్లీమీటర్ల బిట్టు, తరువాత మూడున్నర, ఆపైన క్రమంగా పెద్దవి వాడాలి. ఎడమ వైపుకు తిరిగే బిట్లు దొరికితే ఇంకా మంచిది. అవి కోసే దిశ, బోల్టు ఊడే దిశ ఒకటే కావడంవల్ల అనేక పర్యాయాలు కోస్తుండగానే ముక్క తిరిగి బయటకు వస్తుంది. కంటికి అద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోరాదు.

పనిముట్ల దుకాణంలో ‘ఈజీ అవుట్’ పేరుతో ఒక సాధనం దొరుకుతుంది. ముక్కలో రంధ్రం చేసి, ఎడమ మరలు గల ఈ సన్నని కూసాన్ని అందులో తిప్పితే ముక్క ఊడివస్తుందని దాని వాగ్దానం. పెద్ద బోల్టుల విషయంలో అది నిజమే కావచ్చు. కాని ఎం6 వంటి సన్నని బోల్టు తుప్పు పట్టి ఉన్నపుడు దీన్ని వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అది కూసువలె లోనికి దిగేకొద్దీ ముక్కను బయటి వైపుకు ఒత్తుతుంది. ఆ ఒత్తిడికి పట్టు ఇంకా బిగుస్తుంది. ఆరు మిల్లీమీటర్ల బోల్టునే తెంచిన మెలితిప్పుడును అందులో సగం మందమున్న సాధనం తట్టుకొంటుందనుకోవడం తర్కానికి నిలవదు. అది లోపల విరిగితే కష్టం రెట్టింపవుతుంది. అతి గట్టిగా పదును పెట్టిన ఉక్కు కనుక దాన్ని మామూలు బిట్టు కోయలేదు. అప్పుడిక విద్యుత్ స్ఫులింగాలతో లోహాన్ని తొలిచే యంత్రమున్న వర్క్‌షాపును వెతుక్కోవలసిందే.

దానికి బదులు డ్రిల్లునే ఓపికగా కొనసాగించవచ్చు. ఎం6 బోల్టు మరచుట్ల అడుగు వ్యాసం 4.8 మిల్లీమీటర్ల కన్న కొంచెం తక్కువ. రంధ్రం సరిగా మధ్యలో ఉంటే నాలుగున్నర మిల్లీమీటర్ల బిట్టు తరువాత ముక్కలో మిగిలేది పలుచని గొట్టం మాత్రమే. దాన్ని సూదిమొనతో లోపలికి మడిచి, తీగచుట్టవలె లాగివేయవచ్చు. ఆపైన ఎం6, ఒక మిల్లీమీటరు పిచ్ గల ట్యాపుతో మరచుట్లను శుభ్రం చేయాలి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు తిప్పుతూ లోహపు రజను తెగేటట్లు చూడాలి.

ఆ పిచ్ ఎక్కడ కొన్న ట్యాపులోనైనా ఒకటే కావడం చిన్న విషయం కాదు. ఒకప్పుడు ఏ కార్ఖానా మరచుట్లు ఆ కార్ఖానావే. వాటికొక ప్రమాణం ఉండాలని ఆంగ్ల ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణంతో ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలను సూచించాడు. నేటి మెట్రిక్ బోల్టులది ఈ 60 డిగ్రీల కోణమే.

రంధ్రం పక్కకు పోయి అల్యూమినియం మరచుట్లు దెబ్బతిన్నా హెడ్ పనికిరాకుండా పోదు. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, ఉక్కుతీగతో చుట్టిన కొత్త మరచుట్ల గొట్టాన్ని అందులో అమర్చుతారు. అది కొన్నిసార్లు పాత మరచుట్ల కన్న బలంగా ఉంటుంది. కాని ఆ పనిని తొలిసారిగా కన్నవారి కారుపై ప్రయత్నించడం తగదు. డ్రిల్లు కేంద్రం తప్పిందని తెలిసిన క్షణాన ఆపి, కారును అనుభవజ్ఞునికి అప్పగిస్తే అతడు దాన్ని సరిచేయగలడు. ఇంకొంత తవ్విన తరువాత తీసుకువెళితే అతని చేతిలో కూడా ఏమీ మిగలదు.

కొత్త బోల్టును అమర్చే ముందు రంధ్రాన్ని గుడ్డతో, గాలితో శుభ్రపరచాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె నిలిచి ఉంటే బోల్టు దిగేటపుడు ఆ నూనెకు పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికి లోహం పగలవచ్చు. మరచుట్లకు పట్టకుండా పూసే లేపనాన్ని వాడితే ఘర్షణ తగ్గుతుంది. అదే టార్క్‌కు బోల్టు మరింత సాగుతుంది కనుక లేపనం పూసినపుడు టార్క్‌ను తగ్గించుకోవాలి. మూడు బోల్టులను చేతివేళ్లతోనే చివరిదాకా తిప్పి, తరువాత కారు పుస్తకంలో చెప్పిన మేరకు టార్క్ రెంచితో వంతులవారీగా బిగించాలి. కూలెంటు నింపి ఇంజనును నడిపితే కొద్దిసేపటికి థర్మోస్టాట్ తెరుచుకొని రేడియేటరు పై గొట్టం వేడెక్కుతుంది. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత మూత అంచున వేలుతో తడిమి, తడి ఏమైనా ఉన్నదేమో చూడాలి.