సేవకు డెవరు? సేవ్యు డెవరు?

దయ, దానము, సేవ అను మూడు మాటలను మనము తరచుగా ఒకే యర్థమున వాడుచుందుము. విచారించినచో వీనిలో గొప్ప భేదము కలదు. దయ చూపువాడు మెట్టుపై నుండును. దానిని పొందువాడు మెట్టుక్రింద నుండును. 1884లో దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు జీవులయెడ దయను గూర్చి ముచ్చటించుచు, జీవునిపై దయ చూపుటకు మానవు డెంతటివాడని ప్రశ్నించి, శివుడను భావముతో జీవుని సేవించుటయే తగునని తెలిపిరి. అచ్చట నుండి వినిన యువకుడు నరేంద్రుడు. 1897 మే 1వ తేదీన ఆయన నెలకొల్పిన రామకృష్ణ మిషనునకు ఈ భావమే పునాది యైనది.

ఈ భేదము విద్యార్థికి గ్రంథపఠనముచే కొంత తెలియును; ఆచరణముచే పూర్తిగా తెలియును. జంషెడ్‌పూర్ నగరమున విద్యార్థులు చేయు ఒక సేవను పరిశీలించినచో ఇది స్పష్టపడును.

1893లో యొకహామా నుండి వాంకూవరునకు పోవు ఓడలో వివేకానందస్వామియు, జంషెడ్జీ టాటాయు సహప్రయాణికులైరి. టాటా 1904లో గతించెను. తాను కలగనిన ఉక్కు కర్మాగారమును ఆయన చూడలేదు. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడినది. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలియు చోటికి చేరువనున్న సాక్చీ గ్రామమున కర్మాగారము లేచినది. 1912లో ఉక్కు వెలువడినది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అను పేరు వచ్చినది. దేశపు నలుమూలల నుండియు పనివారు వచ్చి చేరిరి. వారిలో తెలుగువారును అనేకులు. బిస్తుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారి భక్తికి నేటికిని సాక్ష్యము.

చుట్టునున్న సింగ్‌భూమ్ నేల ఇనుపరాతికి పుట్టినిల్లు. కాని ఆ నేలపై నివసించువారి దేహములలోనో? 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, జార్ఖండ్ రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 65 మంది రక్తహీనులని తేలినది. రక్తహీనతకు కారణము లనేకములు. ఇనుము చాలకపోవుట వానిలో ముఖ్యమైనది. పెద్దవాని దేహమున నుండు ఇనుము మూడు నాలుగు గ్రాములకు మించదు. ఆ కొద్దిపాటి లోహములో అధికభాగము రక్తమున జేరి, ప్రాణవాయువును అంగాంగమునకు మోయుచుండును. కొండలకు కొండలుగా ఇనుము గల నేలలో ఒక తల్లికి గ్రామెడు ఇనుము కొరవడుట ఎంతటి విచారకరమైన విషయము!

జంషెడ్‌పూర్‌లో స్వచ్ఛంద రక్తదానము చిరకాలముగా వేళ్లూనిన ఆచారము. కళాశాలలలో రక్తదానశిబిరములు జరుగుచుండును. వీనికి జాతీయ సేవా పథకము గొప్ప ఊత. విద్యార్థులు స్వచ్ఛందముగా సంఘసేవ చేయుట మంచిదని సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము సూచించెను. ఆ సూచన గాంధీజీ శతజయంతి వత్సరమున ఫలించినది. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఈ పథకము ఆరంభమైనది. ఇందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఏడు దినములు శిబిరమున నుండవలెను. నేను కాదు, నీవు అనునది ఈ పథకపు ధ్యేయవాక్యము.

రక్తదానమున ఈ వాక్యము అక్షరాల నిజమగును. ఇచ్చువాడు ఎవరికి ఇచ్చుచున్నాడో ఎరుగడు. పుచ్చుకొనువాడు కులమేదో, మతమేదో, ఇచ్చినవాని పేరేదో ఎరుగడు. తలసీమియా అను పుట్టువ్యాధి గల బిడ్డకు రెండు మొదలు నాలుగు వారముల కొకమారు రక్తమెక్కింపవలసి యుండును. ఆ బిడ్డ బ్రతుకు ముఖమెరుగని దాతలపై ఆధారపడి యున్నది. ఫలాపేక్ష లేని కర్మమునకు ఇంతకంటె సులభమైన పాఠము విద్యార్థికి దొరకుట అరుదు.

అయితే ఈ పాఠమున మరింత లోతైన భాగమొకటి కలదు. రక్తమిచ్చుటకు రక్తమున హీమోగ్లోబిన్ 12.5 గ్రాములైనను ఉండవలెనని నియమము. ఉత్సాహముతో వచ్చిన విద్యార్థిని వ్రేలినుండి చుక్క నెత్తురు తీసి పరీక్షించి, అమ్మా, నీకే రక్తము చాలదని వెనుకకు పంపుట శిబిరములలో తరచుగా జరుగునదే. ఆమె చిన్నబుచ్చుకొని పోవును. కాని విచారింపుడు: సేవచేయ వచ్చినవారే సేవ పొందవలసినవారని తేలినప్పుడు, సేవకు డెవరు? సేవ్యు డెవరు? మెట్టుపై నున్నదెవరు, మెట్టుక్రింద నున్నదెవరు? బీదవారు వేరు, మేము వేరు అను తలంపు ఆ యొక్క చుక్కతో కరగిపోవలెను. అందరియందును ఉన్నది ఒకే ప్రాణము, ఒకే కొరత. వేదాంతము బోధించు ఏకత్వమును ఆ విద్యార్థిని తన వ్రేలికొనయందే చూడగలదు.

కావున వెనుకకు పంపబడిన ఆమెకు సేవాద్వారము మూసికొనలేదు, నిజమునకు తెరచుకొన్నది. రక్తదానము ఆపదలో నున్నవానిని కాచును గాని, పల్లెలోని రక్తహీనతను పోగొట్టజాలదు. దానికి వేరు సాధన కావలెను. కౌమారమున నున్న బాలబాలికలకు వారమున కొకటిగా ఇనుపసత్తువగల నీలిరంగు మాత్రలు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. మాత్ర ఇచ్చుట వేరు, అది కడుపున బడుట వేరు. కొందరు వికారము పుట్టునని పారవేయుదురు. భోజనానంతరము మ్రింగినచో ఆ బాధ తగ్గునని చెప్పవలెను. అన్నము తినినవెంటనే తేనీరు త్రాగినచో ఆహారములోని ఇనుము సరిగా ఒంటబట్టదనియు, ఆకుకూర, పప్పులతో నిమ్మయో ఉసిరికయో చేర్చినచో మేలనియు తెలుపవలెను. తాను మాత్ర మ్రింగి, తన రక్తమును పెంచుకొని, ఆ సంగతి పొరుగింటి పిల్లకు చెప్పు విద్యార్థిని మాటకు ఎంత బలముండును! అది ఉపన్యాసము కాదు, అనుభవము.

ఇట్టి సేవ ఒక్కదినపు ఉత్సవముతో ముగియదు. ఛాయాచిత్రము తీయించుకొని, యోగ్యతాపత్రము పుచ్చుకొని మరలివచ్చిన విద్యార్థి, పల్లెకు చేసిన మేలు కొద్ది. తనకు చేసికొన్న కీడు అధికము. ఏలయన, నేను సేవచేసితినను అహంకారము మిగిలినది. విద్యార్థి తన సేవను మూడు ప్రశ్నలతో పరీక్షించుకొనవలెను. ఎవరును చూడకున్నను ఈ పని చేయుదునా? వచ్చేవారమును ఇచ్చటికి వత్తునా? ఈనాడు నేను నేర్పినదానికంటె నేర్చుకొన్నది ఎక్కువయా?

ఈ మూటికి అవునని చెప్పగలవాడు విద్యార్థియే కాదు, సాధకుడు. ఇనుప రాతిని కరగించి ఉక్కు చేయుటకు కొలిమి కావలెను. అహంకారమను రాతిని కరగించుటకు నిత్యసేవయే కొలిమి. ఆ కొలిమి జంషెడ్‌పూర్‌లోనే కాదు, ప్రతి కళాశాల ముంగిటను, ప్రతి పల్లె పొలిమేరను ఉన్నది. యువకులు దానిని రగిలించుదురు గాక!