గుండె నీరసమునకు ముందుగా రక్తము తెలుపు గుర్తులు

గుండె వైఫల్యమనగా గుండె ఆగిపోవుట యని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. శరీరమునకు కావలసినంత రక్తమును అందించుటకు గుండెకు శక్తి చాలకపోవుటయే ఈ వ్యాధి. కాళ్లకు నీరు పట్టుట, కొద్దిపాటి పనికే ఆయాసము, పడుకొన్నపుడు ఊపిరాడకపోవుట దీని లక్షణములు. ఇవి ముసలితనపు నీరసమని ఉపేక్షించి, మించిన పిదప రోగిని ఆసుపత్రికి చేర్చుచున్నాము.

ఈ వ్యాధికి మధుమేహముతో గట్టి సంబంధము కలదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 1948లో ఆరంభించిన పరిశోధననుండి 1974లో వెలువడిన ఫలితములను చూడుడు. మధుమేహము గల పురుషులకు గుండె వైఫల్యము ఇతరులకన్న రెండింతలకు పైగాను, స్త్రీలకు సుమారు ఐదింతలుగాను వచ్చినది. మధుమేహము రాకమునుపే అపాయము మొదలగునని స్వీడన్‌లోని ఉప్సాలాలో వృద్ధులైన పురుషులపై జరిపి 2005లో ప్రకటించిన పరిశీలన సూచించినది.

కారణమేమి? రక్తములోని చక్కెరను కండరములు గ్రహించుటకు ఇన్సులిన్ తోడ్పడును. పొట్టలో కొవ్వు పెరిగి, దేహశ్రమ తగ్గినచో, శరీరము ఇన్సులిన్‌కు లొంగదు. అంతట క్లోమము మరింత ఇన్సులిన్‌ను స్రవించును. అది మితిమీరినచో మూత్రపిండములు ఉప్పును నిలుపుకొనును, రక్తపోటు పెరుగును, గుండెకు భారమగును. ఆ కొవ్వునుండియే శోథను, అనగా లోలోపలి తాపమును, రేపు పదార్థములు వెలువడి ఇన్సులిన్ పనిని ఇంకను చెరచును.

ఈ స్థితిని రక్తపరీక్షలు తెలుపగలవు. పరగడుపున చక్కెరను, ఇన్సులిన్‌ను కొలిచి లెక్కగట్టుట ఒకటి. 1930లో కనుగొనబడిన సి-రియాక్టివ్ ప్రొటీన్‌ను కొలుచుట మరియొకటి. ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించినచో గుండెజబ్బుల అపాయము హెచ్చని వైద్యులెంతురు. కాని జ్వరము, పుండు, పంటిజబ్బు వలనను ఇది పెరుగును. నీరసించిన గుండె వలనను శోథ హెచ్చును. కావున ఈ అంకె ఒక్కటే తీర్పు కాజాలదు.

శోథను అణచినంతనే గుండె బాగుపడునా? ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను మందుతో జరిపిన ప్రయత్నఫలితములు 2003లో వెలువడినవి. హెచ్చు మోతాదు పొందిన రోగులకు మేలు కలుగకపోగా కీడే కలిగినది. పొయ్యిలో కట్టె మండుచుండగా పొగను విసరినంత మాత్రమున నిప్పు చల్లారదు గదా!

కనుక పంచాయతీ సభ్యులారా, ఖరీదైన పరీక్షలు అందరికిని అవసరము లేదు. కొలతటేపు, రక్తపోటు పరీక్ష, చక్కెర పరీక్ష చాలును. నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్త పడవలెను. ముప్పది ఏండ్లు దాటినవారందరును ఆరోగ్య ఉపకేంద్రములో పరీక్ష చేయించుకొనునట్లు చూడుడు. నడకకు అనువైన బాట, ఆటస్థలము ఏర్పరచుడు. ఉప్పు, పొగాకు విషయమై గ్రామసభలో చెప్పుడు. కాళ్లవాపు, ఆయాసము గలవారిని జాగు చేయక వైద్యునికడకు పంపుడు. మొదటనే గుర్తించినచో మందులతో గుండెకు బలము చేకూర్చవచ్చును. ఆ కుటుంబమునకు ఆధారము నిలుచును.