ఇనుప ఓడ ఎలా తేలుతుంది? ఎలా నిలుస్తుంది?

నేను ఈ హాస్టల్లో ఆరు నుంచి పదో తరగతి దాకా ఉన్నాను. ఇప్పుడు నౌకా నిర్మాణ శాస్త్రంలో ఎం.టెక్. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ని నేనే మొదటివాణ్ని. అందువల్ల సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా నా చదువేమిటో అందరికీ చెప్పడమే నాకు పెద్ద పరీక్ష. ఓడలు కట్టే చదువు అనగానే మా నాయనమ్మ నవ్వింది. "ఇనప మేకు నీటిలో ఏస్తే ములిగిపోద్ది. ఇనప ఓడ ఎలాగ తేలుతాదిరా?" అని అడిగింది. మంచి ప్రశ్న. నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ భోజనం గ్లాసును నీళ్ల తొట్టిలో పడుకోబెట్టండి. నీరు నిండి మునుగుతుంది. నిలబెట్టి వదలండి. మునగదు గాని ఒక పక్కకు ఒరుగుతుంది. అందులో గుప్పెడు ఇసుక పోసి మళ్లీ వదలండి. కొంచెం కిందికి దిగి, నిటారుగా నిలబడుతుంది. ఓడ శాస్త్రంలో మొదటి రెండు పాఠాలూ ఇవే. ఓడ ఎంత నీటిని పక్కకు నెడుతుందో, ఆ నీటి బరువు ఓడ బరువుకు సమానమైనప్పుడు ఓడ తేలుతుంది. ఇది ఆర్కిమెడిస్ సూత్రమని మీరు చదివే ఉంటారు. ఇక బరువు అడుగున ఉంటే ఓడ ఒరగదు. సరుకు లేని ఓడ అడుగు ట్యాంకుల్లో సముద్రపు నీరు నింపుకోవడం ఇందుకే. వాటిని బల్లాస్టు ట్యాంకులంటారు. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. పది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న మూత లేని పెట్టెను 10 మిల్లీమీటర్ల మందం ఉక్కు రేకుతో చేశామనుకుందాం. రేకు వైశాల్యం 124 చదరపు మీటర్లు. ఒక ఘనపు మీటరు ఉక్కు 7.85 టన్నులు కాబట్టి పెట్టె బరువు సుమారు 9.7 టన్నులు. ఘనపు మీటరు సముద్రపు నీరు 1.025 టన్నులు. భాగించి చూస్తే ఆ పెట్టె 24 సెంటీమీటర్లు మాత్రమే మునుగుతుంది. రెండు మీటర్లు మునిగేదాకా నింపితే ఇంకో 72 టన్నుల సరుకు పడుతుంది. మా నాయనమ్మకు ఈ లెక్క చెప్పలేదు గాని గ్లాసు చూపించాను. ఒప్పుకుంది.

తేలడం సులువే. విరగకుండా ఉండడమే కష్టం. భుజం మీద కావిడి చూడండి. మధ్యలో భుజం, రెండు చివర్లా బరువు. బద్ద మధ్యలో పైకి లేచి, చివర్లు కిందికి వంగుతాయి. అప్పుడు బద్ద పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుపోతుంది. గెడ్డ మీద అడ్డంగా వేసిన తాటి దుంగది దీనికి వ్యతిరేకం. ఆనిక రెండు చివర్లా ఉంటుంది, మనిషి నడిమధ్యకు వచ్చేసరికి దుంగ కిందికి వంగుతుంది. సముద్రంలో ఓడకు ఈ రెండు అవస్థలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కెరటం నడుము కిందికి వచ్చినప్పుడు ఓడ కావిడి అవుతుంది. కెరటాలు ముందూ వెనుకా ఎత్తి పట్టినప్పుడు తాటి దుంగ అవుతుంది. ఇలా రోజుకు వేలసార్లు. బైండింగు వైరును అటూ ఇటూ వంచుతూ పోతే చివరకు తెగుతుంది కదా, ఓడకు ఉన్న భయం అదే.

ఎక్కువ సాగేదీ నొక్కుకునేదీ పైకొసా కిందికొసా. మధ్య భాగానికి ఆ బాధ తక్కువ. రైలు పట్టా తల, పాదం బలంగా ఉండి నడుము సన్నగా ఉండేది ఈ కారణంగానే. ఓడలో కూడా పై డెక్కు, అడుగు రేకు గట్టిగా ఉండాలి. అన్ని చోట్లా దళసరి రేకు వేస్తే బలం వస్తుందనుకోవడం పొరపాటు. అలా చేస్తే ఓడ తన బరువే మోసుకుంటుంది తప్ప సరుకు మోయదు.

అస్థిపంజరం తెలియాలంటే పూరింటిని బోర్లా తిప్పి ఊహించుకోండి. నడికొప్పు దూలం అడుగుకు వచ్చి కీల్ అవుతుంది. వాసాలు పక్కటెముకల్లాంటి ఫ్రేములు అవుతాయి. కప్పు షెల్ ప్లేటింగు అవుతుంది. దీనికి తోడు అడ్డుగోడలు. వీటినే బల్క్‌హెడ్లు అంటారు. ఒక గదిలోకి నీరు వచ్చినా పక్క గదిలోకి పోకుండా ఆపేవి ఇవే. విశాఖ బీచిలో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సుర జలాంతర్గామిని చూసినవారికి ఇది బాగా తెలుస్తుంది. అందులో ఏడు గదులు. గదికీ గదికీ మధ్య గుండ్రటి కన్నంలోంచి తల వంచి దూరాలి. తొమ్మిదో తరగతిలో హాస్టల్ నుంచి విహారయాత్రకు వెళ్లినప్పుడు నా తల దానికి కొట్టుకుంది. తలుపు ఇంత చిన్నది ఎందుకు పెట్టారో ఆ రోజు ఎవర్నీ అడగలేదు. కన్నం ఎంత చిన్నదైతే గోడ అంత బలం, మూయడం అంత సులభం.

కన్నం అంటే గుర్తుకొచ్చింది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు ఓడ, తుపాను లేదు, కెరటం లేదు, రేవులో కట్టి ఉండగానే పెద్ద చప్పుడుతో రెండుగా విరిగింది. ఆ యుద్ధకాలంలో హడావుడిగా కట్టిన లిబర్టీ ఓడలు కూడా చాలా పగుళ్లిచ్చాయి. పరిశీలించగా చలికి ఆ ఉక్కు పెళుసెక్కుతోందని, వెల్డింగులో లోపాలున్నాయని, చాలా పగుళ్లు డెక్కు మీది చదరపు కన్నాల మూలల్లో మొదలయ్యాయని తేలింది. పూర్వపు రివెట్ల ఓడలో పగులు ఆ రేకు అంచు దగ్గర ఆగిపోయేది. వెల్డింగు చేసిన ఓడ అంతా ఒకే ముక్క కాబట్టి పగులు ఆగకుండా పరుగెత్తింది. తరువాత మూలలు గుండ్రంగా చేశారు, ఉక్కు మార్చారు. మీలో ఐటీఐ వెల్డరు ట్రేడుకు వెళ్లేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. చెడ్డ వెల్డింగు పైకి అందంగానే ఉంటుంది. అందుకే ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేస్తారు.

మన తీరానికి ఓడలు కొత్త కాదు. కళింగపట్నం, భీమునిపట్నంలలో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, సరుకును పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు. ఆ పడవల పలకలకు మేకులుండవు, కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. బలమంటే గట్టిదనం ఒక్కటే కాదని వారికి పుస్తకాలు చదవకుండానే తెలుసు.

ఉక్కు ఓడల కథ విశాఖది. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ అక్కడ తలపెట్టిన నౌకా నిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన మొదటి ఓడ, 8 వేల టన్నుల 'జల ఉష'ను 1948 మార్చి 14న నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు. 1952లో అది హిందుస్తాన్ షిప్‌యార్డు అయింది, 2010లో రక్షణ శాఖ కిందకు వచ్చింది. అక్కడ కట్టిన నిస్తార్ అనే ఓడ, సముద్రం లోతుల్లోకి దిగే డైవర్లకు ఆధారంగా ఉండేది, 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. ఇప్పుడు ఓడను అడుగు నుంచి పైకి రేకు రేకుగా కట్టరు. పెద్ద పెద్ద ముక్కలుగా షెడ్డుల్లో చేసి, క్రేనుతో తెచ్చి అతుకుతారు. బోర్లా వేసి వెల్డింగు చేయడం తల పైకెత్తి చేయడం కంటే సులువు, శుభ్రం.

కట్టిన తరువాత అసలు యుద్ధం తుప్పుతో. మీ ట్రంకు పెట్టె పైన బాగానే ఉంటుంది, అడుగు తిరగేసి చూడండి. గది కడిగినప్పుడల్లా తడిసి అక్కడే తినేసి ఉంటుంది. తుప్పుకు ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కావాలి. ఉప్పు ఉంటే పని తొందరగా అవుతుంది. ఓడకు రంగులు పొరలు పొరలుగా వేసేది ఇనుముకు నీరు తగలకుండా. అడుగు భాగానికి జింకు దిమ్మలు కూడా బిగిస్తారు. ఉక్కు కంటే ముందు జింకు కరుగుతుంది, ఉక్కు బతుకుతుంది. చేను తరఫున దిష్టిబొమ్మ నిలబడినట్లు అనుకోండి. సరుకు ఓడల అడుగు భాగాన్ని అయిదేళ్లలో రెండుసార్లయినా పరీక్షించాలి. అల్ట్రాసోనిక్ మీటరుతో రేకు మందం కొలుస్తారు. సాధారణంగా అయిదో వంతో నాలుగో వంతో అరిగితే ఆ రేకు కోసి కొత్తది వేస్తారు. కొలిచే ముందు తుప్పు గీకాలి. ఆ గీకే పని మా చిన్నాన్నది.

చిన్నాన్న పేరు, యార్డు పేరు ఇక్కడ రాయను. ఆయన కాంట్రాక్టరు కింద చిప్పింగు సుత్తి పట్టుకొని ఓడల ట్యాంకుల్లోకి దిగుతాడు. నేను ఇంటరులో ఉండగా ఒక రోజు, చాలా కాలం మూసి ఉన్న బల్లాస్టు ట్యాంకు మూత తీసి, అప్పటికప్పుడే దిగమన్నారు. నాలుగు మెట్లు దిగేసరికి మోకాళ్లు వణికాయి, కళ్లు చీకట్లు కమ్మాయి. పైనున్న తోటి మనిషి చెయ్యి పట్టి లాగాడు. "పొద్దున్న గంజి తాగకుండా ఎల్లాను, అందుకే కళ్లు తిరిగాయి" అని ఇంట్లో చెప్పాడు. మా పిన్ని ఆ తరువాత గంజి తాగనిదే గుమ్మం దాటనివ్వలేదు.

మూడేళ్ల తరువాత క్లాసులో మాస్టారు ఒక వాక్యం చెప్పారు. మూసిన ట్యాంకులో తుప్పు పట్టే ఇనుము లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. పది శాతం దగ్గర మనిషి స్పృహ తప్పుతాడు. దానికి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు. పాడుబడిన నూతిలో దిగినవారు పోవడం మన ఊళ్లల్లో విన్నదే. అక్కడ లాగే ఇక్కడా ఒకరు పడితే, ఆయన్ను తీయబోయినవారు కూడా వెంటనే పడతారు. కాబట్టి ముందు ఫ్యానుతో గాలి ఆడించాలి. మీటరుతో పైన, మధ్యన, అడుగున కొలవాలి. రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. మూత దగ్గర ఒక మనిషి కదలకుండా ఉండాలి. లోపల ఎవరైనా పడితే ఆ మనిషి కేక వేయాలి గాని, గాలి సిలిండరు లేకుండా దిగకూడదు.

ఆ సాయంత్రం చిన్నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట లేదు. "అయితే గంజి కాదన్నమాట" అన్నాడు.

ఇప్పుడు ఆయన మూత దగ్గర నిలబడి "మీటరు పెట్టారా బాబూ?" అని అడుగుతాడు. మొదటిసారి అడిగినప్పుడు ఇంటికి పొమ్మన్నారు, ఆ రోజు కూలి పోయింది. మర్నాడు పిలవలేదు. మూడో రోజు పిలిచారు. వెళ్లేసరికి మీటరు మూత పక్కనే ఉందట.