సార్లా పట్టణము

ఫ్రాన్సు దేశమునకు నైఋతి భాగమున, దోర్దోన్ నదికి కొలది దూరములో సార్లా అను చిన్న పట్టణము కలదు. తేనెవన్నె రాతిగోడలు, పెంకులకు మారుగా రాతిపలకలు పరచిన నిట్టనిలువు కప్పులు, ఇద్దరెదురుపడినచో ఒకరు ఒదిగి నిలువవలసినంత ఇరుకైన సందులు ఆ యూరికి సొమ్ములు. పెక్కు ఇండ్లు 15, 16 శతాబ్దములలో కట్టినవి. ప్రసిద్ధ వ్యాసకర్త మోంటేన్‌కు ప్రాణమిత్రుడైన లా బొయెసీ 1530లో జన్మించినది ఇచ్చటనే. ఆయన కుటుంబమువారి ఇల్లు నేటికిని నిలిచియున్నది.

ఇంతటి ప్రాచీనశోభ ఎట్లు మిగిలినది? ఊరివారు పూర్వమునుండి శ్రద్ధతో కాపాడుకొనిరని మనకు తోచును. నిజమునకు దానిని కాపాడినది పేదరికము! ప్రధానమార్గములకు దూరమై ఊరు వెనుకబడినది. పాత ఇండ్లు పడగొట్టి క్రొత్తవి కట్టుటకు ధనము లేకపోయెను. 19వ శతాబ్దమున ఊరి నడుమ తిన్నని వీథి నొకదానిని తీసిరి. తక్కినదంతయు అట్లే పడియుండెను. అయితే పేదరికము ఇంటిని కూల్చకుండ ఉంచగలదు గాని బాగుచేయజాలదు గదా! శిథిలమగుచున్న ఇట్టి పేటలను రక్షించుటకై, నవలాకారుడును సాంస్కృతికశాఖామంత్రియునైన ఆంద్రే మాల్రో 1962లో ఒక చట్టము తెచ్చెను. విడిగా ఒక కోటనో, ఒక చర్చినో గాక, పేటకు పేటనే కాపాడవలెనని దాని యాశయము. ఆ చట్టము ననుసరించి 1964లో సార్లాలో మరమ్మతులు మొదలయ్యెను.

ఊరి రుచులును ఆ లేమినాటివే. మంచుపెట్టెలు లేని కాలమున పెద్దబాతు మాంసమునకు ఉప్పు పట్టించి, దాని క్రొవ్వులోనే సన్నని సెగపై వండి, కుండలలో నింపెడివారు. పైన క్రొవ్వు పేరుకొని గాలి సోకనీయదు. మాంసము నెలల తరబడి చెడదు. మిగిలిన క్రొవ్వు నైనను పారవేయక, అందులో బంగాళాదుంప చక్రములను ఎఱ్ఱగా వేచి, వెల్లుల్లియు, సన్నగా తరిగిన ఆకుకూరయు చల్లుదురు. ఆ వంటకము సార్లా పేరిటనే ప్రసిద్ధము. బాతులకు బలవంతముగా మేత పెట్టి కాలేయమును పెంచి తినుట కూడ అచ్చటి యాచారమే. అది నిర్దయ యని పలువురు నిరసింతురు. భారతదేశము 2014లో ఆ పదార్థపు దిగుమతిని నిషేధించినది.

బుధ, శనివారములలో సంత జరుగును. అక్రోటుకాయలు, వాని నూనె, జున్ను, తేనె బల్లలపై పేర్చియుండును. సంతకు చాలని చోటు నొక పాత చర్చి తీర్చుచున్నది. ఆ యూరిలో బాల్యము గడపిన వాస్తుశిల్పి ఝాన్ నూవెల్ దానికి ఎత్తయిన ఉక్కుతలుపులు అమర్చి అంగడిగా మార్చెను. వేసవిలో యాత్రికులతో వీథులు క్రిక్కిరియును. ఊరి నిజస్వరూపము చూడగోరువారు చలికాలమున పోవలెను. అప్పుడు ట్రఫుల్ అను నల్లని కుక్కగొడుగులు సంతకు వచ్చును. ఓకుచెట్ల వేళ్లచెంత, నేలలోపల పెరుగు వానిని శిక్షితములైన కుక్కలు పసిగట్టును. చూచుటకు మట్టిబెడ్డలే; వెల మాత్రము మిక్కిలి హెచ్చు. కొనువారు ఒక్కొక్కదానిని ముక్కు కడకు చేర్చి, వాసన చూచి, అటుపిమ్మటనే బేరమాడుదురు.