ధర్మరాజు భీష్ముడి ముందుకు వెళ్లడానికి ఎందుకు జంకాడు? గిల్ట్ మనకు మేలా, కీడా?

 

ఈ వారం వీడియోలో శాంతిపర్వం మొదట్లో ధర్మరాజు పడిన దుఃఖం గురించి చెప్పుకున్నాం కదా. అందులో టైం సరిపోక వదిలేసిన చిన్న సన్నివేశం ఒకటి ఉంది. నాకు మాత్రం అదే అసలు పాఠం. తప్పు చేశామన్న బాధ, అంటే మనం రోజూ 'గిల్ట్' అనుకునేది, మనిషిని బాగు చేస్తుందా, పాడు చేస్తుందా? ఈ ప్రశ్న నాకు పుస్తకంలోంచి రాలేదు, ఇంట్లోంచి వచ్చింది. కాబట్టి ముందు ఇంటి సంగతి చెప్తాను.

మా ఊరు, మా తోట

మాది శ్రీకాకుళం జిల్లా అక్కుపల్లి. శివసాగర్ బీచ్ ఉన్న ఊరు. పలాస వైపు ఉద్దానం అంటారే, అదే ప్రాంతం. కొబ్బరి, జీడి తోటలే అక్కడ ఆస్తి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలు. ఇంటికి ఫోన్ కలవలేదు. నాలుగో రోజు నాన్న ఎవరి ఫోన్ నుంచో చేసి, "మేం బాగానే ఉన్నాం. తోట పోయింది" అన్నారు. వస్తానన్నాను. "నువ్వొస్తే చెట్లు లెగుస్తాయేటి? పని సూసుకో" అన్నారు.

నాకు కావలసింది ఆ మాటే. వెళ్లలేదు. సంక్రాంతికి వెళ్లేసరికి పడిన చెట్లను నాన్న ఒక్కరే కోయించి, కొత్త మొక్కలు నాటించేశారు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆయన వయసుతో ఆ ఏళ్లు కలిపి లెక్కేసుకుని, నేను మౌనంగా తిరిగొచ్చేశాను.

అప్పటి నుంచి ఇంటికి ఫోన్ చేయాలంటేనే బరువు. డబ్బులు నెలనెలా పంపేవాణ్ణి, మాట్లాడేవాణ్ణి కాదు. 2022లో నాన్నకు క్రియాటినిన్ పెరిగిందని తెలిసింది. ఉద్దానంలో చదువు రానివాళ్లకు కూడా తెలిసిన మాట అది. ఒళ్లునొప్పులకు ఆయన కొన్నాళ్లుగా పెయిన్‌కిల్లర్లు మింగుతున్నారట. అవి కిడ్నీకి మంచివి కావని నాకు తెలుసు. మాట్లాడుతూ ఉంటే నా చెవిన పడేది, ఆపించేవాణ్ణి. ఆ కోపం ఎవరి మీద చూపించానో తెలుసా? అమ్మ మీద. "నువ్వెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

నాన్న బాధ ఇంకో రకం. "ఏ జన్మలో ఏ పాపం సేసినానో" అని గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఒకే ఇంట్లో రెండు గిల్ట్‌లు, మధ్యలో మాటల్లేవు.

శాంతిపర్వంలో ఏం జరిగింది?

యుద్ధం అయ్యాక కర్ణుడు తన అన్న అని కుంతి వల్ల తెలిసినప్పుడు ధర్మరాజు ఏం చేశాడు? ఆడవాళ్ల కడుపులో రహస్యం దాగకూడదని శాపం పెట్టాడు. ధర్మం తెలిసినవాడే అలా అన్నాడంటే, లోపల దాచుకున్న తప్పు భావన పక్కవాళ్ల మీదకు ఎలా తిరుగుతుందో చూడండి. అమ్మ మీద నేను అరిచింది కూడా అదే.

తర్వాత రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు అందరూ నచ్చజెప్పాల్సి వచ్చింది. చివరికి అంపశయ్య మీద ఉన్న భీష్ముడి దగ్గరకు వెళ్లారు. అక్కడ కూడా ధర్మరాజు ముందుకు రాలేదు. సిగ్గుతో, శపిస్తారేమోనన్న భయంతో వెనకే నిలబడ్డాడు. ఆ సంగతి భీష్ముడికి కృష్ణుడు చెప్పాల్సి వచ్చింది. భీష్ముడు శపించలేదు. యుద్ధంలో చేసింది క్షత్రియ ధర్మమేనని చెప్పాడు. అప్పుడు ధర్మరాజు వచ్చి పాదాలు పట్టుకుంటే, శిరస్సు వాసన చూసి, కూర్చో, భయపడకుండా అడుగు అన్నాడు. ఆ తర్వాతే రాజధర్మ బోధ మొదలైంది.

గమనించండి: తాత గాయపడి పడి ఉన్నాడు. మనవడి అవసరం ఉన్నది అప్పుడే. కానీ గిల్ట్ మనవణ్ణి దూరంగా నిలబెట్టింది. ఆ నాలుగడుగులు వేయకపోతే శాంతిపర్వంలో భీష్ముడి బోధ మనకు ఉండేదే కాదు.

రెండు రకాల తప్పు భావన

మొదటిది, చేయని తప్పుకు పడే బాధ. మా నాన్నది అదే. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేకపోయారు. ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో రైతులకు, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో పొలం కూలీలకు వస్తోంది. మరి ఇన్ని దేశాల రైతులు, కూలీలు కలిసి ఒకే పాపం చేశారా? కర్మ సిద్ధాంతం మన నడతను మనం దిద్దుకోవడానికి ఉన్నది. మంచంలో ఉన్నవాడి మీద కేసు పెట్టడానికి కాదు. మన భాషలో తప్పుకీ 'పాపం' అంటాం, జాలికీ 'పాపం' అంటాం. జబ్బు మనిషిని చూసినప్పుడు నోటికి రావలసింది ఆ రెండో 'పాపం'.

రెండోది, నిజంగా చేసిన తప్పుకు పడే బాధ. నాది అదే. దీన్ని "ఏం పర్లేదులే" అని కొట్టేస్తే కుదరదు. ఈ బాధే లేకపోతే ధర్మరాజుకి, దుర్యోధనుడికి తేడా ఏముంది? కానీ మన శాస్త్రం ఆ బాధను ఊరికే వదిలేయలేదు, ప్రాయశ్చిత్తం అని దారి చూపించింది. మనుస్మృతి 11వ అధ్యాయం తప్పును బయటికి చెప్పుకోవాలి, పశ్చాత్తాపపడాలి, ఇక చేయనని మానేయాలి అంటుంది. ప్రాయశ్చిత్తానికి ఇన్ని రోజులు, ఇన్ని ఉపవాసాలు అని లెక్క ఉంటుంది. లెక్క ఉంది కాబట్టి ముగింపు ఉంటుంది. గిల్ట్‌కి ముగింపు లేదు. అది క్లోజ్ కాని టికెట్ లాంటిది, రోజూ తెరిచి చూసుకుంటాం, ఒక్క లైన్ కూడా మార్చం. గీత 6వ అధ్యాయం 5వ శ్లోకం చెప్పేది కూడా ఇదే: నిన్ను నువ్వే పైకి తెచ్చుకో, కుంగదీసుకోకు.

తర్వాత ఏమైంది?

ఒక సాయంత్రం నాన్న పక్కన అరుగు మీద కూర్చుని, తుఫాను అప్పుడు రావాలనిపించినా రాలేదని, తర్వాత సిగ్గేసి ఫోన్ చేయలేదని చెప్పేశాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "దీనికేటిరా ఇన్నాళ్లు మాటాడనిది?" అన్నారు. అమ్మకు కూడా క్షమాపణ చెప్పాను. అది ఇంకా కష్టమైంది.

ఇప్పుడు నాన్న పలాసలో వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. ఒక్కోసారి నాలుగు గంటలు. నెలలో ఒక వారం ఊరి నుంచే పని చేస్తూ నేనే తీసుకెళ్తాను. మిగతా వారాల్లో రాత్రి ఎనిమిదికి ఫోన్. ఇదే నా ప్రాయశ్చిత్తం. పడిన తోట లేవలేదు, కిడ్నీలు తిరిగి రావు. కానీ ఇప్పుడు మా మధ్య మాటలున్నాయి.

ఈ వారం సాధన

మిమ్మల్ని తొలుస్తున్న ఒక్క గిల్ట్ తీసుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇది నేను నిజంగా చేసిన తప్పేనా?
2. ఈ బాధ నన్ను ఆ మనిషి దగ్గరకు తీసుకెళ్తోందా, దూరం చేస్తోందా?
3. దీనికి నేను చేయగలిగిన, లెక్క ఉన్న పని ఏమిటి?

రెండో ప్రశ్నకు 'దూరం' అని జవాబు వస్తే, ఆ గిల్ట్ మీకు కీడే చేస్తోంది. ఈ రాత్రికే ఫోన్ చేయండి. అవతల ఉన్నది చాలావరకు భీష్ముడే అయి ఉంటారు, శపించరు. ఒకవేళ కోప్పడినా, వెనక నిలబడి ఊహించుకునే శాపం కంటే అది తేలికే.

సర్వేజనాః సుఖినోభవంతు.