అప్రియ నాయకుడు – నిష్కృతి

పాఠ్యభాగ ఉద్దేశం

కథలో ప్రధానపాత్ర సజ్జనుడే కానక్కరలేదు. పాఠకునికి ఏవగింపు కలిగించే వ్యక్తి నాయకుడైనప్పుడు, అతడు చివరకు చేసిన తప్పుల నుండి విముక్తి పొందగలడా? పొందితే అది అతడు సంపాదించుకొన్నదా, లేక రచయిత దయతో ఇచ్చినదా? ఈ విషయాన్ని తెలుగు సాహిత్యంలోని కొన్ని ప్రసిద్ధ పాత్రల ఆధారంగా విచారించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విజయవాడ పటమటలో సాయంకాలం కళాశాలలు వదలగానే బందరు రోడ్డు మీద బస్సు కోసం నిలిచిన విద్యార్థుల మాటలు వింటే, వాటిలో సినిమా కథ ఒకటి తప్పక దొర్లుతుంది. రెండు గంటలపాటు అందరినీ హింసించిన కథానాయకుడు చివరి పది నిమిషాలలో కన్నీరు పెట్టుకోగానే మంచివాడైపోతాడు. ఒకరు ‘పాపం’ అంటారు. మరొకరు ‘అంత తేలికా?’ అంటారు. ఈ రెండవ ప్రశ్న చాలా పాతది. మన ప్రాచీన కవులూ ఆధునిక రచయితలూ దానికి వేర్వేరు సమాధానాలు చెప్పారు.

16వ శతాబ్దికి చెందిన తెనాలి రామకృష్ణకవి రచించిన ‘పాండురంగ మాహాత్మ్యము’లో నిగమశర్మ కథ ఉంది. పీఠికాపురంలో సదాచార సంపన్నమైన కుటుంబంలో పుట్టిన నిగమశర్మ దుర్వ్యసనాలకు లోనై తండ్రి ఆస్తిని హరించాడు. అత్తవారింటి నుండి వచ్చిన అక్క అతణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని ప్రేమతో బుద్ధి చెప్పింది. అతడు మారినట్లే కనిపించాడు. ఇల్లంతా సంతోషించింది. ఆ నమ్మకమే అతనికి సాధనమయింది. ఒక రాత్రి ఇంటిలోని నగలను, అక్క ముక్కరతో సహా, మూటగట్టుకొని పారిపోయాడు. ఆ తరువాత ఆశ్రయమిచ్చిన ఇంటికే ద్రోహం చేశాడు. చివరకు తనవారిని అగ్నిప్రమాదంలో కోల్పోయి, దుఃఖంతో తిరుగుతూ పుణ్యక్షేత్రంలో ప్రాణం విడిచి, ముక్తి పొందాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నిగమశర్మకు ముక్తి క్షేత్రమహిమ వల్ల లభించింది గాని, అతని సుకృతం వల్ల కాదు. కవి చెప్పదలచినది కూడా క్షేత్ర మాహాత్మ్యమే. దైవానుగ్రహానికి అర్హతతో పని లేదని భక్తుడు అనవచ్చు. అది కాదనరాని మాట. కాని కావ్యం ముగిసిన తరువాత కూడా పాఠకుని మనస్సులో అక్క మిగిలిపోతుంది. కవి ఆమెకు పేరైనా పెట్టలేదు. అయినా రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ‘నిగమశర్మ అక్క’ అనే శీర్షికతోనే వ్యాసం రాశారంటే ఆ పాత్ర బలం తెలుస్తుంది. నిగమశర్మకు స్వర్గద్వారం తెరుచుకొన్నది. అక్కకు జరిగిన నష్టం మాత్రం ఎవరూ తీర్చలేదు. అనుగ్రహం వేరు, ఋణవిమోచనం వేరు.

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమగ్రంగా మార్పు చెందింది. అందులోని గిరీశం ఇందుకు భిన్నమైన సమస్య. అతడు అబద్ధాలకోరు, అవకాశవాది. సంఘసంస్కరణ పేరు చెప్పి వితంతువైన బుచ్చమ్మను వలలో వేసుకొంటాడు. అయినా అతని మాటల చమత్కారానికి మనం నవ్వుతాం. నవ్విన కొద్దీ అతని తప్పులను మరచిపోతాం. నాటకాంతంలో అతని గుట్టు బయటపడుతుంది. సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపడానికి నిశ్చయిస్తాడు. అప్పుడు కూడా గిరీశం విచారించేది తన పథకం తలక్రిందులైనందుకే. గురజాడ అతణ్ణి శిక్షించి చంపలేదు. కన్నీరు పెట్టించి మంచివాణ్ణి చేయనూ లేదు. ఇష్టం కలిగించేవాడు మంచివాడు కానక్కరలేదని ఈ పాత్ర నేర్పుతుంది. అలాగే అయిష్టం కలిగించేవాడు మారలేడని కూడా ముందే తీర్పు చెప్పరాదు.

మూడవ పాత్ర కృష్ణా డెల్టాకు చెందిన రచయిత సృష్టి. గుడివాడ సమీపంలోని అంగలూరులో 1910లో జన్మించిన త్రిపురనేని గోపీచంద్ 1947లో ‘అసమర్థుని జీవయాత్ర’ నవలను ప్రకటించారు. కథానాయకుడు సీతారామారావు వంశప్రతిష్ఠ కోసం ఆస్తిని కరిగించుకొని, పేదరికంలో పడి, తన అసమర్థతకు లోకాన్నంతటినీ నిందిస్తాడు. కోపాన్ని ఇంటిలోని భార్య మీద చూపుతాడు. అతడు తెలివితక్కువవాడు కాడు. తన మనస్సును తానే లోతుగా తరచి చూస్తాడు. కాని ఆ తెలివిని మారడానికి గాక, మారకపోవడానికి సాకులు వెతకడానికే వినియోగిస్తాడు. చివరకు శ్మశానంలో అతని జీవితం ముగుస్తుంది. అతడు అలా ఎందుకయ్యాడో పాఠకునికి అర్థమవుతుంది. జాలి కూడా కలుగుతుంది. అయితే అర్థం చేసుకోవడం క్షమించడం కాదు. తప్పు తెలుసుకోవడం నిష్కృతికి మొదటి మెట్టు మాత్రమే. ఆ మెట్టు మీదనే కూర్చున్నవాడు పైకి చేరడు.

మరి నిష్కృతిని సంపాదించుకొన్నవాడు ఎక్కడైనా ఉన్నాడా? ఒకప్పుడు అమరావతి, ఘంటసాల, జగ్గయ్యపేటలలో స్తూపాలు వెలసిన కృష్ణాతీరానికి పరాయిది కాని బౌద్ధ వాఙ్మయంలో అంగుళిమాలుని కథ ఉంది. అనేకులను చంపిన ఆ దొంగ బుద్ధుని బోధతో భిక్షువయ్యాడు. కథ అక్కడితో ముగియలేదు. భిక్షకు వెళ్ళినప్పుడు జనం రాళ్ళు విసిరారు. తల పగిలి, భిక్షాపాత్ర ముక్కలై, చీవరం చిరిగి తిరిగి వచ్చాడు. బుద్ధుడు అతణ్ణి ఓర్చుకొమ్మన్నాడు. అతడు ఓర్చుకొన్నాడు. తాను మారాను కనుక లోకం తనను వెంటనే గౌరవించాలని అడగలేదు.

ఈ నాలుగు కథలను కలిపి చూస్తే ఒక కొలమానం లభిస్తుంది. మార్పు నిజమైనదైతే దానిలో మూడు లక్షణాలుంటాయి. మొదటిది, తప్పును సాకులు లేకుండా అంగీకరించడం. రెండవది, లాభం లేకపోయినా కొత్త నడవడిని కొనసాగించడం; నిగమశర్మ నటనకు ఈ పరీక్ష పెట్టి ఉంటే ఒక్క నెలలో బయటపడేది. మూడవది, నష్టపోయినవారిని మరచిపోకపోవడం. వారు క్షమించకపోయినా మార్పును విడవకపోవడం ఇందులోనే చేరుతుంది.

కాబట్టి అప్రియ నాయకుడు పరివర్తనను సంపాదించుకోగలడు. క్షమను మాత్రం సంపాదించుకోలేడు. అది నష్టపోయినవారి సొత్తు. వారు ఇస్తే స్వీకరించాలి, ఇవ్వకపోతే నిందించరాదు. ఈ వివేకం కథలు చదవడానికే గాక, నిత్యజీవితంలో కూడా అవసరం. మనను బాధపెట్టిన మిత్రుడు తిరిగి వచ్చినప్పుడు, లేదా మనమే ఒకరి గుమ్మం ముందు తలవంచుకొని నిలబడినప్పుడు, నిగమశర్మ అక్కను ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు

నిష్కృతి = చేసిన తప్పు నుండి విముక్తి
ముక్కర = ముక్కుకు ధరించే నగ
సుకృతం = పుణ్యకార్యం
చీవరం = బౌద్ధ భిక్షువు ధరించే వస్త్రం
పరివర్తన = మార్పు

ప్రశ్నలు

1. ‘అనుగ్రహం వేరు, ఋణవిమోచనం వేరు’ – నిగమశర్మ కథ ఆధారంగా వివరించండి.
2. గిరీశం, సీతారామారావు పాత్రలలోని భేదాన్ని తెలపండి.
3. అంగుళిమాలుని ఓర్పు అతని మార్పుకు ఎట్లా నిదర్శనమయింది?
4. క్షమను సంపాదించుకోలేమన్న అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? సకారణంగా రాయండి.